నూట పధ్నాలుగో గది తలుపు

ఈ తలుపు మీంచి నేను గీకి పారేసిన పేర్లు పదకొండు.
అట్ట ముక్క, స్కెచ్ పెన్ను రాత, నాలుగు మూలలా టేపు.
ఆగస్టులో అంటిస్తాను.
మంచు కరిగేసరికి కొన్ని ఊడిపోతాయి, మనుషులతో సహా.
జిగురు మాత్రం పోదు.
వేలితో తడిమితే తెలుస్తుంది
ఈ చెక్క మీద ఎంతమంది ఆగలేదో.

నా పేరు కాసిమిర్. సాగినాలో, నదికి తూర్పు ఒడ్డున
ఈ బడి ఊడవడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు.
పాఠం చెప్పడం నాకు రాదు.
పాఠం జరిగిన గది ఎలా ఉంటుందో తెలుసు:
బల్లల కింద చెత్త ఎక్కువ,
బోర్డు తుడవాలంటే బకెట్లో నీళ్లు మూడుసార్లు మార్చాలి.

హాస్క్ గారి గది రెండు నిమిషాల పని.
పంతొమ్మిదేళ్లుగా అదే సినిమా, అవే తెరలు దించిన కిటికీలు.
ఆయన పేరు అట్ట మీద కాదు,
ఇత్తడి రేకు మీద, రెండు మరలతో.
పర్మనెంట్ అయినవాళ్లకే ఆ రేకు.
తల్లులు వచ్చి అరిచారు,
ముగ్గురు ప్రిన్సిపాళ్లు కాగితాల మీద కాగితాలు రాశారు.
మర కదల్లేదు.
"ఎత్తెయ్యాలి ఆ చట్టం" అని
బాయిలర్ గదిలో శాండ్‌విచ్ నములుతూ నేనూ అన్నాను.

కానీ అదే వరండాలో ఒడెస్సా ప్రూయిట్ రేకు కూడా ఉండేది.
బోర్డు మెంబరు మేనల్లుడికి ఆల్జీబ్రాలో ఇరవై తొమ్మిది వేసింది.
యాభై చెయ్యమన్నారు.
"వాడు చేస్తే నేను వేస్తాను" అంది.
ఆ ఏడాది ఆమె క్లాసును నా స్టోర్ రూముకి మార్చారు.
కారు పెట్టుకునే చోటు గేటు బయటికి పోయింది.
ఉద్యోగం మాత్రం పోలేదు.
అవే రెండు మరలు.
రెండు తలుపులకీ బిగించింది నేనే.
చీపుళ్ల మధ్య నిలబడి చలికాలమంతా చెప్పింది;
గోడవతల నాక్కూడా కాస్త ఆల్జీబ్రా అబ్బింది.

ఇప్పుడు ఈ గదిలో మారిసేలా కింటనార్. ఐదో ఏడు.
శని ఆదివారాలు ఫర్నిచర్ షాపులో పరుపులు అమ్ముతుంది.
సోమవారం అవే పరుపుల ధరలో ముప్పాతిక ఎంతో
పిల్లల చేత లెక్క కట్టిస్తుంది.
ఆమె వచ్చాక బకెట్ నీళ్లు నాలుగుసార్లు.

నిన్న రాత్రి మీటింగ్.
నలభై కుర్చీలు వేశాను, పధ్నాలుగు మంది వచ్చారు.
సూటు ఆయనెవరో తెర మీద గీతలు చూపించాడు,
మంచి టీచర్లను బడికి రప్పించడమెలా అని.
సీలింగు కారుతోంది.
కింద నేను పెట్టిన డబ్బా టిక్కు టిక్కుమంటోంది.
ఎవరూ పైకి చూడలేదు.
తొమ్మిదింటికి ఓటు. అయిదు, రెండు.
కింటనార్ పర్మనెంట్.

పొద్దున్నే రేకు తెచ్చాను, మరలు పెదాల మధ్య పట్టుకుని.
ఆమె అప్పటికే వచ్చేసింది. బల్ల మీద రెండు కవర్లు.
ఒకటి మనది.
రెండోదాని మీద హైవే అవతలి ఊరి బడి ముద్ర.
నేనడగలేదు. తనే చెప్పింది:
"పదకొండు వేలు ఎక్కువ. శనివారాలు కూడా నావే."
శనివారాలు అన్నప్పుడు గొంతు మారింది.

నోట్లో మరలున్నాయి కాబట్టి
మాట్లాడే పని తప్పింది నాకు.

మూలన రేడియేటర్ ఠంగుమంది.
ఆ చప్పుడికి వెనక వరసకు పాఠం వినబడటం లేదని
మూడేళ్లుగా చెబుతోంది.
నేను పంపిన అర్జీలు ఏడు, జవాబు ఒకటీ లేదు.
రేకు కిటికీ మీద పెట్టి, మోకాళ్ల మీద కూలబడి
రెంచ్ తీశాను.
నల్లటి నీళ్లు వచ్చాయి, తర్వాత బుస్సుమని గాలి, తర్వాత వేడి.
తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం.

బస్సు ఆగింది. పిల్లలు తోసుకుంటూ వచ్చారు.
కవర్లు రెండూ సొరుగులో పడేసి ఆమె లేచింది.
"ఎనిమిదిలో ముప్పాతిక?"
"ఆరు," వెనక వరసలోంచి, సన్నగా, ఎవరో.

వరండాలోకి వచ్చాక గుర్తొచ్చింది
రేకు కిటికీ దగ్గరే మరిచానని.
మరలు ఇంకా నా నోట్లోనే ఉన్నాయి.